పెట్టె చదవని కూత

తాడేపల్లిగూడెంలో నిత్యానందం ఇంట్లో, టవర్లతో పనిలేకుండా దూరాలకి మాట్లాడే హామ్ రేడియో పక్కన ఓ విదేశీ పెట్టె ఉండేది. ఉత్తరాన్ని కూతగా మార్చి గాల్లోకి వదలడం, వచ్చిన కూతను మళ్ళీ ఉత్తరం చేయడం దాని పని. దాని ముందు ఈగ తుమ్మితే జర్మనీలో ఎవరో "చిరంజీవ" అన్నారని ఆయన చెప్పేవాడు. వినేవాళ్ళు ఆ ఈగ పేరేమిటండీ అని అడిగేవారు. చిక్కల్లా ఒకటే. అలాంటి పెట్టే ఉన్నవాడి కూత తప్ప అది ఇంకెవరి కూతా చదవదు. ఆ గుట్టు కంపెనీవాడు బయటికి చెప్పడు.

కొల్లేటి లంకలో బడిపంతులు బెంజమిన్‌ది పాత లాప్‌టాప్. దాన్ని వైరుతో రేడియోకి కలిపి, ఊరికే దొరికే ప్రోగ్రాంతో ఉత్తరాలు కూతలుగా పంపేవాడు. ఏలూరు హామ్ రేడియో క్లబ్బులో అందరిదీ అదే పద్ధతి. "అది కూత కాదు బెంజమిన్ గారూ, తాలింపులో ఆవాలు," అని నిత్యానందం ఏడిపించేవాడు.

వానల ముందు, వరదొస్తే లంకల కబుర్లు అందుకునే స్టేషన్ తనదే కావాలని ఆయన పట్టుబట్టాడు. క్లబ్బువాళ్ళు సరేనని, తమ ప్రోగ్రాం కూడా కంప్యూటర్లో పెట్టుకోమన్నారు. గంట పని. ఇంత పెట్టె ఉండగా ఆవాల గోల దేనికని పెట్టలేదు. పెట్టానని మాత్రం చెప్పాడు.

వరద రానే వచ్చింది. లంకల్లో ఫోన్ టవర్లు పడుకున్నాయి. పొద్దున్న ఎనిమిదింటికి రేడియోలో ఆవాలు చిటపటలాడాయి. బ్యాటరీ నీరసించిందేమో, నోటిమాటైతే ఇక్కడిదాకా చేరనంత సన్నగా. బెంజమిన్‌దేనని నిత్యానందానికి తెలుసు. పెట్టె ఒక్క అక్షరం రాయలేదు. ఆయన ఉన్నాడన్న ధీమాతో ఏలూరువాళ్ళు లంకల కూతలు వినడం లేదు గానీ, ఫోన్ చేసి వినిపిస్తే చదివిపెట్టేవాళ్ళున్నారు. కానీ అబద్ధం బయటపడుతుంది. ఏవో పరీక్ష కూతలేలే అనుకుని సౌండు తగ్గించాడు. పదిన్నర దాకా మోగి ఆగిపోయింది.

అందులో ఏముందో నాలుగోరోజు, లంకవాళ్ళెవరో ఏలూరు ఆసుపత్రిలో ఉన్నారని విని వెళితే బెంజమిన్ నోట తెలిసింది. చేపల చెరువు గట్టు మీద మా లంకలోని నూకరత్నాన్ని పాము కరిచింది, పడవ పంపండి అని. చివరికి దారినపోయే పడవేదో మధ్యాహ్నానికి దొరికింది. ప్రాణం దక్కింది గానీ కాలివేళ్ళు రెండు తీసేశారు.

"మీకు కరెంటు పోయుంటుందండీ," అన్నాడు బెంజమిన్, నిత్యానందం ఏమీ చెప్పకముందే.

ఆ మాట పట్టుకుని గట్టెక్కేయొచ్చు. కరెంటు మీద నిత్యానందం ఎన్ని కథలల్లలేడు? నోరైతే తెరిచాడు గానీ కథ రాలేదు.

"కరెంటుందండీ. ప్రోగ్రామే పెట్టలేదు. మీ కూత పెట్టెకి అర్థం కాలేదు."

బెంజమిన్ కిటికీ వైపు తిరిగాడు. మంచం మీది నూకరత్నం నెమ్మదిగానే అడిగింది.

"పెట్టె సంగతి సరేనండీ. మీకు వినపడిందా?"

"వినపడిందమ్మా. రెండున్నర గంటలు."

ఆవిడ కట్టు కట్టిన కాలు కాస్త పక్కకి జరుపుకుని, "ఇందాకణ్ణుంచీ నిలబడే ఉన్నారు, కూర్చోండి," అంది.

తిట్టినా బాగుండేదనుకుంటూ నిత్యానందం మంచం చివర కూర్చున్నాడు.