స్టాండు పట్టుకున్న చెయ్యి

ఎడమ చేత్తో ఉల్లిపాయ తరగడం ఎవరూ నేర్పరు. కుడి చెయ్యి మోచేతి దాకా కట్టుతో మెడకు వేలాడుతోంది. పళ్ళెంలో ఉల్లిపాయ బొంగరంలా తిరుగుతోంది, కత్తి దాని మీద జారుతోంది. చివరికి ఆమె ఆ కట్టు చేతి మోచేత్తోనే ఉల్లిపాయను అదిమిపట్టి తరిగింది. ఒక ముక్క బండలా, ఒక ముక్క కాగితంలా వచ్చాయి.

"నిదానంగా తరుగు, తరుముతున్నదెవరు నిన్ను?" అంది అత్తగారు కుర్చీలోంచి. ఆవిడ చేతులు రెండూ ఒళ్ళో భద్రంగా ఉన్నాయి. ఆవిడ చెడ్డదేం కాదు. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా లేచి వండిపెట్టిన మనిషి. తను మోసిన బరువు కోడలి నెత్తిన పెట్టింది, అంతే. జీవితమంతా మోసినవాళ్ళు అది బరువన్న సంగతే మర్చిపోతారు.

చొక్కా గుండీలు పెట్టుకుంటూ మొగుడు వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"ఇంకోసారి చెప్పు. ఆ పెళ్ళిలో నువ్వెవరు?"

"అతిథిని."

"ఎవరి తరఫు?"

"పెళ్ళికూతురి తరఫు."

"ఎందుకు లేచావ్?"

"మంచినీళ్ళకి."

"అంతే. ఇప్పుడో ఇంకాసేపటికో ఇన్సూరెన్సు కంపెనీ సర్వేయర్ వస్తాడు. ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడకు. నీకసలే నోరెక్కువ."

మూడు ప్రశ్నలకి మూడు ముక్కలు చెప్పిన మనిషికి నోరెక్కువట. ఆమె ముక్కలన్నీ మూకుడులో వేసింది.

పెళ్ళిళ్ళలో ఆమెను అందరూ లైటక్క అంటారు. పూలు కట్టేవాళ్ళు, వంటవాళ్ళు, మైకు వాళ్ళు, అందరికీ ఆమె లైటక్కే. హాల్లోకి అడుగుపెట్టగానే ముందు పైకప్పు చూస్తుంది. ఏ దీపం పెళ్ళికూతురి కళ్ళ కింద నల్లటి నీడ వేస్తుందో, ఏ మూల స్టాండు పెడితే ఆ నీడ పోతుందో చూపుతోనే లెక్కగడుతుంది. స్టాండ్లు మోస్తుంది, నిలబెడుతుంది, వైర్లు నేలకి టేపుతో అతికిస్తుంది. ఆ తర్వాత రెండో కెమెరా మెడలో వేసుకుని ఆడవాళ్ళ మధ్యకి వెళ్తుంది. మొగుడికి దొరికేవన్నీ వరసగా నిలబడి నవ్విన ఫోటోలు. అలంకరణ గదిలో జడపిన్ను నోట్లో కరుచుకుని ఏడుస్తున్న పెళ్ళికూతురు, చాటుగా చెప్పులు విప్పి పాదాలు పిసుక్కుంటున్న పిన్ని, ఇవన్నీ ఆమె కెమెరాకే దొరుకుతాయి. ఆల్బమ్ చేతికొచ్చాక జనం వేలు పెట్టి, ఇది చూడండి, ఇది చూడండి అనేది వాటినే. అట్ట మీద ఉండేది మాత్రం మొగుడి పేరు. "మా ఆవిడ కూడా సరదాగా వస్తుందండీ, ఇంట్లో ఒక్కతే ఉండి ఏం చేస్తుంది" అని చెప్తాడు పెళ్ళివాళ్ళకి. సరదాగా ఇనుప స్టాండ్లు మోసే ఆడదాన్ని ఎక్కడైనా చూశారా? చూసే ఉంటారు. మీ ఇంట్లోనే ఉంటుంది.

ఈ పాలసీ సంగతి మొదలైంది హాలు యజమాని వల్ల. ఎక్కడో వంటవాళ్ళ నూనె ఒలికి ఒక పెద్దాయన జారిపడ్డాడట, ఆ నష్టం హాలు మీద పడిందట. అప్పట్నుంచి ఫోటోలవాళ్ళైనా పూలవాళ్ళైనా సరే, ఇన్సూరెన్సు లేనిదే గేటు దాటనివ్వనన్నాడు. సరేనని మొగుడూ పెళ్ళాలిద్దరూ ఏజెంటు దగ్గరికి వెళ్ళారు. ఆయన ఓపిగ్గానే విడమరిచి చెప్పాడు.

"మీ సామాను వల్ల బయటివాళ్ళకి దెబ్బ తగిలితే ఈ పాలసీ చూసుకుంటుంది. మీ దగ్గర పనిచేసేవాళ్ళకి తగిలితే ఇది రాదు, దానికి వేరే కవర్ తీసుకోవాలి. ఇంతకీ మీ దగ్గర ఎంతమంది చేస్తారు?"

"నేనూ, వీడియో తీసే మా తమ్ముడూ. ఇద్దరమే. ఇద్దరికీ అది కూడా రాసెయ్యండి."

ఏజెంటు ఆమె భుజానున్న కెమెరా సంచీ వైపు చూశాడు. "మరి అమ్మగారు?"

"ఆవిడ మా ఇంటి మనిషండీ! ఇంటి మనిషికి ఇన్సూరెన్సేంటి, నీడకి గొడుగు పట్టినట్టు!" అని మొగుడు నవ్వాడు. ఏజెంటు నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే ముఖం మాడ్చుకుందంటారు కదా.

ఆ రోజు పెళ్ళిలో వేదిక పక్కనున్న పెద్ద స్టాండు కాలికి ఆమె ఎప్పటిలాగే ఇసక సంచీ వేలాడదీసింది. కింద బరువుంటేనే పైన దీపం కదలకుండా ఉంటుంది. మొగుడు వ్యూఫైండర్‌లోంచి కన్ను తియ్యకుండానే అరిచాడు. "ఆ సంచీ తియ్! ఫ్రేములో గేదెదూడలా కనిపిస్తోంది!"

"తీస్తే స్టాండు ఊగుతుందండీ."

"నేనున్నాగా, చూస్తాలే. తియ్."

తీసింది. స్టాండు కింద కుర్చీలో పెళ్ళికొడుకు బామ్మ కూర్చుని ఉంది. గంతులేస్తూ వచ్చిన గుంపులో ఎవరి భుజమో స్టాండుకి తగిలింది. దీపం ముసలావిడ నెత్తి మీదికి వాలడం లైటక్క చూసింది. ఆలోచించడానికి వ్యవధి లేదు. కుడి చెయ్యి దానంతటదే లేచి స్టాండుని ఆపింది. ఆపిన చెయ్యి స్టాండుకీ కుర్చీ చేతికీ మధ్య నలిగింది. మణికట్టులోంచి ఎండుపుల్ల విరిగిన చప్పుడొచ్చింది. బామ్మకి జుట్టు కూడా చెదరలేదు.

మణికట్టులో ప్లేటు వెయ్యాలన్నాడు డాక్టరు. వెయ్యకపోతే ఎముక అతుక్కుంటుంది గానీ చెయ్యి పూర్తిగా తిరగదు, కెమెరా రింగు తిప్పడం లాంటివి కష్టం అన్నాడు. ఆపరేషన్ ఖర్చు విని మొగుడు బయట వరండాలో అటూ ఇటూ తిరిగాడు. తిరిగి తిరిగి లోపలికొచ్చి మంచం పక్కన నిలబడి ఒక మాటన్నాడు.

"అసలు నిన్నెవరు పట్టుకోమన్నారు? ఆవిడ మీద పడుంటే కంపెనీయే చూసుకునేది కదా!"

కోపంగా అనలేదు. లెక్కలో తప్పు చూపించినట్టు, ఎంతో ఓర్పుగా అన్నాడు. అత్తగారు కూడా "వాడన్నదీ నిజమేగా" అన్నట్టు తల ఊపింది. ఆమె కళ్ళు మూసుకుంది. నిజమే. ముసలావిడ తల పగిలితే పాలసీ పలికేది. ఆ తలని కాపాడిన చేతికి మాత్రం పలకదు. ఎందుకంటే ఆ చెయ్యి పనిమనిషిది కాదు, పరాయిమనిషిదీ కాదు. ఇంటిది. ఇంట్లో కుర్చీ కాలు విరిగితే ఎవరైనా క్లెయిమ్ పెడతారా?

ఇంటికొచ్చాక మొగుడికి ఉపాయం తట్టింది. పనివాళ్ళలో ఆవిడ పేరు లేదు కాబట్టి ఆవిడ బయటి మనిషే. బయటి మనిషి పెళ్ళికొస్తే అతిథి. అతిథి మీద స్టాండు పడింది, కంపెనీ ఇచ్చుకుంటుంది! ఆ రోజంతా ఇంట్లో హుషారుగా తిరిగాడు. ఆమె కూడా ఒప్పుకుంది. దాపరికమెందుకు? చెయ్యి కావాలి ఆమెకి. చెయ్యి బాగవ్వడానికి అబద్ధమాడితే పాపమొస్తే రానీ అనుకుంది. ఏళ్ళ తరబడి మొగుడు తన గురించి చెప్తున్న అబద్ధాలకి ఇంకోటి కలుస్తుంది, అంతే కదా.

సర్వేయర్ బక్కపల్చటి మనిషి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ఉన్నాడు. చెప్పులు వాకిట్లో విడిచి, నీళ్ళు వద్దని, ముందుగదిలో బల్ల ముందు కూర్చుని లాప్‌టాప్ తెరిచాడు. గొంతు మెత్తగానే ఉంది.

"చెయ్యి ఎలా ఉందమ్మా?"

"ఉంది."

"పెళ్ళికి ఎవరి తరఫున వెళ్ళారు?"

"పెళ్ళికూతురి తరఫున."

"చుట్టరికమా?"

మొగుడు అందుకున్నాడు. "స్నేహం సార్. ఆడాళ్ళకి స్నేహాలకేం కొదవ!"

సర్వేయర్ నవ్వలేదు. "పెళ్ళి ఫోటోలు తెప్పించుకున్నానండి. రెండు రోజులుగా చూస్తూనే ఉన్నా. అమ్మగారు ఒక్కదాంట్లో కూడా కనబడలేదు. భోజనాల దగ్గర లేరు, కుర్చీల్లో లేరు."

"మా ఆవిడకి సిగ్గు సార్. కెమెరా చూస్తే మొహం తిప్పేసుకుంటుంది."

"ఫోటోగ్రాఫర్ గారి భార్యకే?" అని లాప్‌టాప్ వాళ్ళ వైపు తిప్పాడు. "ఇంకోటి కూడా ఉంది. ఇది చూడండి."

తెర మీద పెళ్ళికొడుకు బామ్మ. కొత్త కోడలు వంగి చెవిలో ఏదో చెప్తుంటే, ఆ ముసలావిడ పళ్ళులేని నోరంతా తెరిచి, కళ్ళు మూతలుపడేలా నవ్వుతోంది. పక్కనుంచి వచ్చిన వెలుగు ఆ ముడతల్లో ఒక్కోదాన్నీ ముద్దు పెట్టుకున్నట్టుంది. వెనకాల, కొంచెం మసగ్గా, కెమెరా కంటికి ఆనించుకుని మొగుడు ఇంకెవరినో ఫోటో తీస్తున్నాడు.

"ఇందులో మీరే ఉన్నారు కదా సార్. మరి ఇది ఎవరు తీశారు?"

"అదా? మా తమ్ముడు" అన్నాడు మొగుడు. రెప్ప కూడా వాల్చలేదు. "వాడికి మంచి కన్నుంది సార్. ఇలాంటివన్నీ వాడే తీస్తాడు."

ఆ ఫోటో కోసం ఆమె చాలాసేపు మోకాళ్ళ మీద కూర్చుంది. ఇద్దరు అత్తలు అడ్డొచ్చి నిలబడితే, కాస్త జరగండమ్మా అని బతిమాలింది. బామ్మ నవ్వబోతోందని ముందే ఎలా తెలిసిందో ఆమెకే తెలియదు, వేలికి తెలిసింది. ఇదే వేలికి, ఇప్పుడు కట్టులోంచి బయటికి ఉబ్బి చూస్తున్న ఈ వేలికి. అతిథివి అన్నాడు, సరేనంది. సిగ్గన్నాడు, సరేనంది. అవన్నీ ఆమె గురించి చెప్పిన మాటలు, వినీ వినీ చెవులు మొద్దుబారాయి. ఇది అలా కాదు. ఇది ఆమె చూసిన చూపు. పిల్లిని గోనెలో వేసి ఊరి చివర వదిలినట్టు దాన్ని తీసుకెళ్ళి మరిది చేతిలో పెట్టేశాడు. మరిది మంచివాడే, కానీ ఆ రోజు సాయంత్రమంతా వీడియో కెమెరా పట్టుకుని భోజనాల హాలు దాటలేదు. రేపు ప్లేటు పడుతుంది, చెయ్యి తిరుగుతుంది, మళ్ళీ ఇంకో ముసలావిడ నవ్వుతుంది. ఆ నవ్వు కూడా మరిదిదే అవుతుంది. అప్పుడు ఈ చెయ్యి బాగుపడేది ఎవరి కోసం?

"అది నేను తీశాను" అంది ఆమె.

మొగుడు నవ్వబోయాడు. "మందులు సార్. పొద్దున్నుంచీ మత్తుగా ఉంది."

"మత్తేం లేదండీ. ఇందాకే ఎడమ చేత్తో వంట చేశాను. మత్తులో ఉన్నదాని చేత ఈయన చేయించుంటారా?" ఆమె గొంతు పెరగలేదు. "ఆ ఫోటో నాది. ఆ వెలుగు కూడా నేను పెట్టిందే. స్టాండు నిలబెట్టింది నేను. ఇసక సంచీ కట్టింది నేను. తియ్యమన్నది ఈయన, తీసింది నేను. పడుతుంటే ఆపింది నేను. నేను అతిథిని కాదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఏ పెళ్ళిలోనూ కుర్చీలో కూర్చోలేదు."

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సర్వేయర్ కళ్ళజోడు కిందికి దించుకుని ఆమెను సరిగ్గా చూశాడు.

"అమ్మా, ఒక్క మాట. నేనింకా ఏమీ రాయలేదు. మీరు పనిలో ఉన్నారని రాస్తే ఈ పాలసీలో మీకేమీ రాదు. బయటివాళ్ళ కిందికి రారు. పనివాళ్ళ కవర్‌లో మీరు లేరు. ఆపరేషన్ దాకా వచ్చిన చెయ్యి. ఆలోచించుకుని చెప్పండి, నేను కూర్చుంటాను."

"వినపడిందా?" అన్నాడు మొగుడు పళ్ళ బిగువున. "నీ చేత్తో నువ్వే నీ కంచంలో మన్ను పోసుకుంటున్నావ్."

"మరి పనిలో ఉన్న మనిషికి దెబ్బ తగిలి, ఆ మనిషి మీ పాలసీలో లేకపోతే, వైద్యం ఎవరు చేయించాలండీ?" అని ఆమె సర్వేయర్‌నే అడిగింది.

ఆయన ఒక్క క్షణం మొగుడి వైపు, మళ్ళీ ఆమె వైపు చూశాడు. "పని చేయించుకున్నవాళ్ళే అమ్మా. అది మా కంపెనీ చూడదు. దానికి లేబర్ ఆఫీసుంది."

"అయితే రాయండి. పనిలో ఉందని రాయండి. ఎవరి పనిలో ఉందో అది కూడా రాయండి. రాశాక నాకో కాపీ ఇవ్వండి."

"నీకెందుకు కాపీ?" అన్నాడు మొగుడు.

"లేబర్ ఆఫీసులో అడుగుతారు కదా."

అతని ముఖంలో రంగు మారింది. తల్లి వైపు చూశాడు, సర్వేయర్ వైపు చూశాడు, సాక్ష్యానికి గోడల వైపు కూడా చూశాడు. "విన్నారా సార్? మొగుడి మీద కేసు పెడుతుందట! కట్టుకున్న మొగుడి మీద!"

"మొగుడి మీద కాదండీ" అంది ఆమె, సర్వేయర్ టైపు చేసుకోవడానికి వీలుగా బల్ల మీదున్న నీళ్ళ చెంబు పక్కకి జరుపుతూ. "పని చేయించుకున్నాయన మీద. మొగుడితో మాట్లాడాల్సింది వేరే ఉంది. అది సర్వేయర్ గారు వెళ్ళాక మాట్లాడుకుందాం."