ఇరవై నాలుగో బొమ్మ

పొద్దున్నే టీ గ్లాసు పక్కన, గీయాల్సిన వస్తువు ఎదురుగా పెట్టుకుని కూర్చోవడం అపొండికి అలవాటు. వస్తువు కళ్ళెదుట లేకపోతే ఆమెకు గీత పడదు. నలభై ఊళ్ళలో షాపులున్న పేరుమోసిన సూపర్‌మార్కెట్‌కు ఇరవై నాలుగు చిన్న బొమ్మలు కావాలి. చేపల బల్ల మీద చేప, రొట్టెల అర మీద రొట్టె, అలా. గీత మందం ఒకటే ఉండాలి, మూలలు గుండ్రంగా ఉండాలి, లోపల చిల్లర వివరాలేవీ ఉండకూడదు.

అపొండి బొమ్మలో ఏది లేకపోతే, ఎదుట ఉన్న అసలుదానికీ అది ఉండేది కాదు. చేపకు పొలుసులు వేయలేదు, పళ్ళెంలో చేపకు పొలుసులు పోయాయి. "ఈసారి ముళ్ళు కూడా లేకుండా గియ్యవే, నీకు పుణ్యముంటుంది," అంది వాళ్ళమ్మ అవుఓర్. ఆవిడ కెన్యాలోని కిసుము ఊరి బజారులో చేపలమ్ముతుంది. గోడ గడియారానికి అంకెలు పోయాయి. ఇంట్లోవాళ్ళు దాన్నే చూసి టైము చెప్పుకుంటున్నారు. కోడిపెట్టకు కాళ్ళు వేయలేదు. అది పెరట్లో చతికిలబడిపోయింది. అపొండి గబుక్కున కాళ్ళు గీసింది. బొమ్మకైతే వచ్చాయి గాని, పాపం, పెట్టకు రాలేదు. ఆదివారం ఉగాలి ముద్దతో తినేశారు.

ఇక మిగిలింది ఒక్కటే, అమ్మే మనిషి. నైరోబీ నుంచి సూపర్‌మార్కెట్ పై ఆఫీసరు ఒగుతు ఫోన్ చేశాడు.

"మీ అమ్మను నిలబెట్టమ్మా. ఆవిడను మించి అమ్మేవాళ్ళెవరున్నారు? నిలువెత్తు మనిషి, చేతిలో బుట్ట. మొహంలో ఏమీ వద్దు సుమా."

"కళ్ళూ నోరూ లేకుండానా సార్?"

"గోరంత బొమ్మలో నోరెవడిక్కనిపిస్తుంది?"

అవుఓర్ అప్పటికే కొత్త తలగుడ్డ కట్టుకుని వచ్చి నిలబడింది. "గియ్యి తల్లీ! నలభై ఊళ్ళలో నేనే!"

"వద్దమ్మా. నోరు పోతే చేపలెలా అమ్ముతావు?"

"ఓసి నీ భయం పాడుగాను! నా నోరు పడిపోవాలని బజారంతా మొక్కుకుంటోంది," అని నవ్వుతూ గంపెత్తుకుని వెళ్ళిపోయింది.

అపొండి తలుపేసి, నిలువుటద్దం ముందు పెట్టుకుని తననే గీసుకుంది. రెండు చుక్కల కళ్ళు, సన్నగీత నోరు, కాళ్ళ వేళ్ళతో సహా లెక్కపెట్టుకుని, ఏదీ వదల్లేదు. ఒళ్ళంతా తడిమి చూసుకుంది. అన్నీ ఉన్నాయి. హమ్మయ్య అనుకుని పంపేసి, అమ్మకు ఫోన్ చేసింది.

"అయిపోయిందమ్మా! నోరు కూడా పెట్టాను, వింటున్నావుగా? ఇవాళ పెద్ద చేప ఒకటి..."

కంప్యూటర్ తెర మీద ఒగుతు పేరున్న బాణం గుర్తు కనబడింది. ఆ ఫైలు ఇద్దరిదీ. ఎవరేం చేసినా రెండోవాళ్ళకు కనిపిస్తుంది. బాణం నేరుగా వచ్చి బొమ్మ నోటి దగ్గర ఆగింది.

"...అట్టేపెట్టు, ఇంటికొచ్చాక వేపు..."

సన్నగీత చెరిగిపోయింది.

"వేపుడా, పులుసా? ఒసేవ్, పలకవేమే?" అవతల అమ్మ అరుస్తోంది.

అపొండి మొహం తడుముకుంది. ముక్కు కింద నుంచి గడ్డం దాకా నున్నగా ఉంది. గబగబా టైపు చేసింది: "ఆపండి సార్, అది నేను."

"ఒక్క నిమిషం అపొండీ," అని జవాబొచ్చింది. "మిగతా ఇరవై మూడింటితో కలవాలి కదా."

బాణం ఎడమ కంటివైపు జరిగింది.