ఎడమచేతి వైపు ఒకటో నంబరు

ఇరవై ఎనిమిదేళ్లు సెల్‌ఫోన్ టవర్లు ఎక్కి దిగిన మనిషిని తోటివాళ్లు ఉడత అని పిలవడంలో వింతేమీ లేదు. ఉద్యోగ విరమణ చేసి పది నెలలైనా ఆ పేరు ఆయనను వదల్లేదు. వదిలించుకోవాలన్న కోరికా ఆయనకు లేదు. తన చేతి పని మీద ఒక్క ఫిర్యాదూ రాలేదన్న సంగతి అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేవాడు. గ్యాస్ బండ మోసుకొచ్చినవాడు సైతం అది వినకుండా మెట్లు దిగిన రోజు లేదు.

కూతురిది పోలీసు శాఖలో ఫోన్ రికార్డులు పరిశీలించే ఉద్యోగం. ఏ ఫోన్ ఏ నిమిషాన ఏ టవర్‌కు అందిందో పట్టికలు చూసి చెప్పడం ఆమె పని. తాను నిలబెట్టిన టవర్ల మీదే కూతురి కొలువూ నిలబడి ఉందని ఉడతకు లోలోపల మహా సంబరం.

ఆ ఆదివారం ఉదయం ఆమె వంటింటి బల్ల నిండా కాగితాలు పరుచుకుని కూర్చుంది.

"గురువారం కోర్టులో సాక్ష్యం చెప్పాలి నాన్నా. మందుల గోదాం దొంగతనం కేసు. తాళం పగలకుండా తీశారు. అందుకని ఆ పేటలో తాళాలు బాగుచేసే ఆయన్ని పట్టుకున్నారు. ఇరవై రోజులుగా జైల్లో ఉన్నాడు."

"తాళం తెరుచుకుంటే తాళాలాయన, ఫ్యూజు పోతే కరెంటాయన. బాగానే ఉంది మీ వాళ్ల తెలివి."

"అంత తేలిగ్గా తీసెయ్యకు. దొంగతనం జరిగిన మధ్యాహ్నం మూడింటికి వాళ్ల అక్కతో పన్నెండు నిమిషాలు మాట్లాడాడు. ఇంట్లోంచే మాట్లాడానంటాడు. బస్ డిపో పక్క మేడ మీద టవర్ ఉంది చూడు, దాని ఒకటో యాంటెన్నా అంటోంది రికార్డు. ఒకటోది తూర్పుకి చూస్తుంది, గోదాం అటే. ఆయన ఇల్లు పడమట, మూడోదాని వైపు. కేసంతా ఈ ఒక్క అంకె మీదే నడుస్తోంది."

ఉడత కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "డిపో పక్కదా? దానికి యాంటెన్నాలు మార్చింది నేనేనే తల్లీ. రిటైరయ్యే ముందు చివరి పని. గుండె మీద చెయ్యేసుకుని చెప్పు."

"చెబుతాను. కానీ ఒకటోది తూర్పుదేనని నీకెలా తెలుసని అవతలి లాయరు అడిగితే? మా నాన్న చెప్పాడనలేను కదా. నువ్వెలా గుర్తు పెడతావో చూపించు, రాసుకుంటాను."

ఆ మాత్రం అడిగితే చాలు. ఉడత కుర్చీని గది మధ్యకు లాగి, దాన్నే టవర్ స్తంభం చేసి, ఎదుట నిలబడ్డాడు. నిచ్చెన ఎక్కి స్తంభానికి ఎదురుగా నిలబడడం, ఎడమచేతి వైపు యాంటెన్నా తీగకు ఒక చుట్టు టేపు, మధ్యదానికి రెండు, కుడిచేతి వైపు దానికి మూడు చుట్టడం. కింద యంత్రానికి తీగలు బిగించేవాడు చుట్లు లెక్కపెట్టుకుని ఆ నంబరులో దూరుస్తాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఇదే వరస.

"ఎడమచేయి తూర్పెలా అవుతుంది?" అంది కూతురు.

"నిచ్చెన ఉత్తరం వైపు ఉంటుంది గనక. ఎక్కినవాడి ముఖం దక్షిణానికి. మా కంపెనీ టవర్లన్నీ అంతే."

"డిపో పక్కదానికీ ఉత్తరమేనా?"

"అన్నిటికీ..." అంటూ ఉడత ఆగిపోయాడు. ఆ మేడ మీద ఉత్తరపు వైపున నీళ్ల ట్యాంకు ఉంది. నిచ్చెన పెట్టడానికి చోటు లేక, దాన్ని దక్షిణం వైపు బిగించారు. ఆయన కుర్చీ చుట్టూ తిరిగి అవతలి పక్కన నిలబడ్డాడు. ఎడమచేయి చాచి, ఎవరిదో చేయి అన్నట్టు దాని వంక చూశాడు. అది పడమటికి ఉంది.

"కుర్చీతో పేచీ ఏమిటి?" అంది పొయ్యి దగ్గర నుంచి భార్య.

ఉడత చాచిన చేయి దించకుండానే అన్నాడు. "పది నెలల్లో ఒక్కరూ ఫిర్యాదు చెయ్యలేదే."

"ఫోన్ మోగుతూనే ఉంటుంది కదా నాన్నా. నంబర్లు తారుమారైతే మాట్లాడేవాళ్లకేం తెలుస్తుంది?"

"అయితే రాసెయ్. తప్పు నాదే అని రాసెయ్."

"నువ్వు ఒప్పుకుంటే సరిపోదు. నీకు అనుమానం వచ్చింది, అంతే. కొలవాలి. నేను కొలిస్తే ఇంటి మనిషి కొలత అంటారు, అనాలి కూడా."

మర్నాడు ఆమె వేరే ఊరి ఆఫీసులోని ఒక ఉద్యోగిని పిలిపించింది. అతనికి కేసు సంగతి గాని, తండ్రి సంగతి గాని చెప్పలేదు. కొలిచే ఫోను చేతికిచ్చి, ఈ రెండు వీధుల్లో నడుస్తూ ఎక్కడ ఏ నంబరు కనిపిస్తే అది రాసుకురమ్మంది. ఏ జవాబు కోసం ఎదురుచూస్తున్నారో తెలియనివాడు దానికి తగ్గట్టు పొరపాటున కూడా అంకెలు మార్చి రాయలేడని ఆమె లెక్క. ఆ రోజు ఉడత రెండుసార్లు భోజనానికి కూర్చుని రెండుసార్లూ లేచిపోయాడు.

సాయంత్రానికి కాగితం వచ్చింది. నలభై రెండు చోట్ల కొలత. గోదాం వీధిలో అంతటా మూడు. తాళాలాయన ఇంటి సందులో అంతటా ఒకటి.

కూతురు తన పాత నివేదికను కొట్టివేసి కొత్తది రాయడం మొదలుపెట్టింది. ఒక చోట కలం ఆపి, "గుర్తులు వేసిన వ్యక్తి పేరు అని ఒక గడి ఉంది," అంది, తలెత్తకుండా.

"ఉంటే నింపు. ఇంటిపేరుతో సహా. ఇరవై ఎనిమిదేళ్ల అనుభవం అని కూడా వెయ్యి, అంత అనుభవం ఉన్నా నిచ్చెన ఎటుందో చూడలేదని తెలుస్తుంది."

"సన్మానపత్రమనుకున్నారా ఏమిటి?" అంది భార్య. అయినా ఆ రాత్రి కూర ఆయనకే రెండోసారి వడ్డించింది.

గురువారం కోర్టులో ఉడత వెనక వరుసలో కూర్చున్నాడు. కూతురు బోనులో నిలబడి, తన మొదటి నివేదిక తప్పని, ఎందుకు తప్పో, ఎవరు చేసిన పొరపాటో, వెనక వరుసలోని ఆయన తనకు ఏమవుతాడో, ఎవరు ఎలా కొలిచారో వరసగా చెప్పింది. గొంతు ఎక్కడా తడబడలేదు.

"అయితే ఆ సమయానికి ముద్దాయి ఇంట్లోనే ఉన్నాడని మీరు చెబుతున్నారా?" అని అడిగాడు ముద్దాయి తరఫు లాయరు, ఆశగా.

"చెప్పడం లేదండీ. ఆ ఫోన్ టవర్‌కి పడమటి వైపు ఉంది. గోదాం వైపు లేదు. అది ఏ ఇంట్లో ఉందో, ఎవరి చేతిలో ఉందో ఈ రికార్డు చెప్పదు. చెప్పనిది నేను చెప్పలేను."

అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఒక్క అంగుళం ఎక్కువ చెప్పని ఆ జవాబుకు ఉడత ఛాతీ పొంగింది. టవర్ మీద బోల్టు ఎంత బిగించాలో అంతే బిగించి ఆపే చెయ్యి ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు తనకూ అది ఉందనుకునేవాడు. ఇప్పుడది ఎదుట కనిపించింది.

వేరే ఆధారం లేనందున తాళాలాయనను విడుదల చేశారు. వరండాలో అతను నేరుగా ఉడత దగ్గరికే వచ్చాడు. గడ్డం మాసి ఉంది. ముఖంలో నవ్వు లేదు.

"ఆ తీగలకు గుర్తులు తప్పు వేసింది మీరేనా?"

"నేనేనయ్యా," అన్నాడు ఉడత, తల దించకుండా, మెల్లగా. "ఇరవై నాలుగు రోజులు. నేను తిరిగి ఇవ్వలేను."

అతను మాసిన గడ్డం ఒకసారి రుద్దుకున్నాడు. "మరి దాన్ని కనిపెట్టింది ఎవరు?"

"మా అమ్మాయి," అన్నాడు ఉడత. ఆ రెండు మాటలూ వరండా చివర టైపు కొట్టుకుంటున్న గుమాస్తాకు కూడా వినబడ్డాయి.