మాల్సున్ అవ్వ ఈల

కొరియాలోని మా జేజూ దీవిలో ముసలివాళ్ల యాస, మాటలు విని రాసుకునే మిషన్‌కి ఓ పట్టాన ఎక్కదు. అంబులెన్సు కోసం ఫోన్ చేస్తే అవతల మిషన్ ఇంకేదో రాసుకుంటుంది. అందుకని వాళ్ల మాటలు రికార్డు చేసి దానికి నేర్పే పని మా ఆఫీసుకు వచ్చింది. మా ఊరివాళ్ల మాటలు రికార్డు చేసేదీ, అక్కర్లేని చప్పుళ్లు కత్తిరించేదీ నేనే.

బు మాల్సున్ అవ్వకి డెబ్బై ఆరేళ్లు. ఇంకా సముద్రంలో మునిగి నత్తలు ఏరేది. నేను ఒడ్డున బండ మీద కర్రకు మైకు కట్టుకుని కూర్చుంటే, పైకి తేలి నాలుగు మాటలు చెప్పి మళ్లీ మునిగేది.

"నీ మిషన్‌కి మన మాట రాదా? ఏం, సియోల్‌లో పుట్టిందా?"

"అందుకేగా అవ్వా నేర్పిస్తున్నాం."

"అయితే దాన్నీ నీళ్లలో ముంచు. చచ్చినట్టు నేర్చుకుంటుంది."

తేలిన ప్రతిసారీ, మాటకు ముందు, బిగబట్టిన ఊపిరిని ఈలలా వదిలేది. మా దగ్గర దాన్ని సుంబిసోరి అంటారు. మిషన్ ఆ ఈలను కూడా మాటే అనుకుని పిచ్చి రాతలు రాసేది. ఆఫీసులో వాటిని తీసేయమన్నారు. మిగతా ఊళ్ల రికార్డులు చూసే సియోల్ కుర్రాళ్లు గాలి హోరుకీ దానికీ తేడా తెలియక సగం తీయకుండా వదిలేశారు. నేను ఈ దీవిలో పుట్టినదాన్ని, ఒక్కటి కూడా వదల్లేదు. తప్పులు బాగా తగ్గాయి. అందరూ మెచ్చుకుంటే పొంగిపోయాను. రూలు ప్రకారం అసలు రికార్డులు చెరిపేశాం.

మొన్న మార్చిలో మాల్సున్ అవ్వ మునిగి మళ్లీ తేలలేదు.

నెల తర్వాత ఆమె కూతురు మిహ్యాంగ్ సంచీడు కమలాపండ్లు పట్టుకుని ఆఫీసుకు వచ్చింది.

"అక్కా, అమ్మ ఈల ఒక్కసారి వినిపిస్తావా? చిన్నప్పుడు ఒడ్డున నించుని దానికోసమే ఎదురుచూసేదాన్ని. వినబడితే అమ్మ బతికే ఉన్నట్టు. ఆ రోజు కూడా నించున్నాను. వినబడలేదు."

 నిజం చెప్పే ధైర్యం లేక, కత్తిరించగా మిగిలినదే పెట్టాను.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుంది. మిషన్ సియోల్‌లో పుట్టిందా అన్న దగ్గర నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. హెడ్‌ఫోన్లు రెండు చేతులతో చెవులకు అదుముకుని చివరిదాకా వింది.

"అమ్మ ఒక్కసారి కూడా పైకి రాలేదేంటక్కా?"

నేనే కత్తిరించానని చెప్పాను. ఏడ్చాను.  ఆమె మళ్లీ మొదటి నుంచి పెట్టమంది.