పెండ్లిచూపులకొచ్చిన కంప్రెసర్

రాయచోటిలో కారు ఏసీకి ఏ జబ్బు చేసినా మదార్ సాహెబ్ చెప్పే మాట ఒకటే: "గ్యాస్ అయిపోయిందప్పా." గాలి చల్లగా రాకపోతే గ్యాసు. చప్పుడొస్తే గ్యాసు. లోపల ఎలుక చచ్చి కంపు కొడుతున్నా ముందు గ్యాసు కొట్టి, ఎలుక సంగతి తర్వాత చూసేవాడు. ముప్పై ఏండ్లుగా ఆ ఒక్క మాట మీదే ఏసీ రిపేరు షెడ్డు నిలబెట్టాడు, దాని పక్కనే ఇల్లు కట్టాడు, కూతురు ముబీనాను చదివించాడు. తనకు తెలియని సంగతంటూ ఒకటి ఈ లోకంలో ఉండొచ్చన్న అనుమానం ఆయనకు ఎప్పుడూ రాలేదు. వచ్చినా, వెళ్లగొట్టే నేర్పు ఆయన నోటికుంది.

ముబీనా రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. కడప నుంచి సంబంధం వచ్చిందని చెప్పినప్పుడు ఆ పిల్ల గొడవేమీ చేయలేదు. ఒక్కటే అడిగింది.

"ఎవురైనా రానీ నాయనా. నేను ఆ పిల్లోనితో ఇడిగా కూచోని మాట్లాడల్ల. నచ్చకపోతే వద్దంటా. అప్పుడు నువ్వు కండ్లెర్ర జేయగూడదు."

"నేను మాటిచ్చినానంటే ఇచ్చినట్టే," అన్నాడు మదార్ సాహెబ్. మాట ఇవ్వడంలో ఆయన చెయ్యి చాలా పెద్దది.

పెండ్లికొడుకు తండ్రి జిలానీ బాషాకు కడపలో నాపరాళ్ల వ్యాపారం. మే నెల ఎండలో, ఆదివారం పూట, భార్యనూ కొడుకు తౌసిఫ్‌నూ కొత్త ఎలక్ట్రిక్ కారులో కూర్చోబెట్టుకుని వచ్చాడు. ఆ కారుతో ఒక చిక్కుంది. చప్పుడు చేయదు. చప్పుడు లేకుండా వస్తే జిలానీ బాషా వచ్చినట్టు వీధికెట్లా తెలుస్తుంది? అందుకని సందు మొదట్లో హారన్ మీద పెట్టిన చెయ్యి ఇంటి ముందర ఆపేదాకా తీయలేదు. వీధి వీధంతా బయటికొచ్చింది. అప్పుడు దిగాడు.

మదార్ సాహెబ్ భార్య నబీసా షర్బత్ ఇచ్చింది. జిలానీ బాషా కారు గురించి మొదలుపెట్టాడు. "ఇంజనే లేదన్నా దీంట్లో!" అన్నాడు, అదేదో తమ వంశంలో ఎవరికీ జైలు లేదని చెప్పుకున్నంత గర్వంగా. "బండి నిలబెట్టినా ఏసీ తిరుగుతానే ఉంటాది. దానికి సొంతంగా మోటరుండాది." ముబీనా టీ పట్టుకుని వచ్చినప్పుడు ఆయన ఛార్జింగు గురించి చెబుతున్నాడు. కప్పు తీసుకున్నాడు గానీ తల ఎత్తలేదు. ఆయన భార్య మాత్రం పిల్లను చూసి, "ఈడ శానా ఉక్కగా ఉండాది గదమ్మా, ఎట్ల ఉంటారో ఏమో," అని కొంగుతో విసురుకుంది. పెండ్లికూతురితో వాళ్లు మాట్లాడిన మాట అదొక్కటే.

"దోవలో మాత్రం రవ్వంత గాలి తగ్గింది," అన్నాడు జిలానీ బాషా, ఊరికే మాటవరసకు.

మదార్ సాహెబ్ చేతిలో కప్పు ఆగిపోయింది. "గ్యాస్ అయిపోయిందన్నా," అన్నాడు కారు ముఖం కూడా చూడకుండా.

"లేదులే మదారన్నా, షోరూమోళ్లు బయటోళ్లను ఎవుర్నీ చెయ్యి పెట్టనీయొద్దన్నారు."

"నేను బయటోడ్నా?"

ఈ మాటకు మర్యాదస్థుడెవడూ అవుననలేడు. పైగా మదార్ సాహెబ్ ఇంటికి కారులో వచ్చిన చుట్టం వేడిగాలితో తిరిగిపోయిన దాఖలా లేదు. అన్నం పెట్టకుండా పంపించడం ఎంత తప్పో అదీ అంతే తప్పు. "నీ దగ్గర పైసా ముట్టుకుంటానా? సొంత బండి అనుకో," అని కూడా అన్నాడు. ఊరికే అవుతుందనగానే జిలానీ బాషాకు షోరూమువాళ్లు చెప్పిన ముక్క మనసులోంచి జారిపోయింది.

గడప దగ్గర ముబీనా తండ్రికి కళ్లతో సైగ చేసింది. మాట్లాడేదెప్పుడని.

"ఇప్పుడే వస్తామ్మా," అన్నాడు మదార్ సాహెబ్. టార్చిలైటు పట్టుకోవడానికి ఒక మనిషి కావాలని పెండ్లికొడుకును కూడా వెంటబెట్టుకుపోయాడు.

బానెట్ ఎత్తాడు. బెల్టు కోసం వెతికాడు. ఆయన ఎరిగిన ప్రతి కారులోనూ ఏసీ గ్యాసును తిప్పే కంప్రెసర్ ఇంజను పక్కన అతుక్కుని ఉంటుంది, బెల్టు దాన్ని తిప్పుతుంది. ఇక్కడ ఇంజనూ లేదు, బెల్టూ లేదు. చిన్న చెంబంత కంప్రెసర్ ఒకటి అడుగున బిగించి ఉంది. దానికి బొటనవేలంత లావు నారింజ రంగు వైర్లు. ఇది నాకు తెలీదని చెప్పి బానెట్ మూసెయ్యడానికి అదే సమయం. కానీ చుట్టూ వీధి వీధంతా నిలబడి ఉంది, పక్కనే కాబోయే వియ్యంకుడు. "ఓహో, ఈ రకమా!" అన్నాడు పాత స్నేహితుణ్ని గుర్తుపట్టినట్టు.

టార్చి పట్టుకున్న తౌసిఫ్ ఒక స్టిక్కరు దగ్గర ముఖం పెట్టాడు. "మామా, దీనికి ఏరే ఆయిలే పోయాలని ఏందో రాసినారు ఈడ."

"స్టిక్కర్లు సదివి పని జేసేదైతే ప్రింటింగ్ ప్రెస్సోళ్లే మెకానిక్కులయ్యుందురు నాయనా. నువ్వు లైటు సరిగ్గా పట్టుకో."

ఆ రోజు మొత్తంలో ఎవరైనా పనికొచ్చే మాట మాట్లాడారంటే అది ఆ పిల్లోడే. వాడు కూడా నోరు మూసుకున్నాడు.

పాత గ్యాసు వదిలేశాడు. కొత్తది ఎక్కించాడు. దాంతోపాటు, ముప్పై ఏండ్లుగా ప్రతి బండికీ పోసే ఆయిలే దీనికీ పోశాడు. ఏసీ వేస్తే చల్లటి గాలి రయ్యిమని వచ్చింది. జిలానీ బాషా లోపల కూర్చుని "అబ్బబ్బబ్బ!" అన్నాడు. వీధివాళ్లు చప్పట్లు కొట్టారు. మదార్ సాహెబ్ చేతులు తుడుచుకుంటూ అందరినీ బిర్యానీకి పిలిచాడు. ముబీనా పళ్లాలు పెట్టింది, నీళ్లు పోసింది, పళ్లాలు తీసింది. మాట్లాడే సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

పోదామని ఎక్కి కూర్చున్నాక కారు కదల్లేదు. పాటలు వస్తున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, అద్దాలు దిగుతున్నాయి. చక్రాలు మాత్రం తిరగవు. స్క్రీను మీద ఎర్ర గుర్తొకటి పడింది. జిలానీ బాషా షోరూముకు ఫోను చేశాడు. తన పలుకుబడి అందరికీ వినపడాలని స్పీకరు పెట్టాడు. అదే కొంప ముంచింది.

అవతలి మనిషి ఓపికగా చెప్పాడు. ఈ బండ్లలో మోటరు కంప్రెసర్ కడుపులోనే ఉంటుంది. ఆయిలు దాని మీదుగానే తిరుగుతుంది. అందుకే కరెంటు పారనివ్వని ఆయిలే పోయాలి. మామూలు ఆయిలు పడితే కరెంటు బండి ఒంటికి కారుతుంది. అది పసిగట్టి, లోపలున్నవాళ్లకు షాకు కొట్టకుండా బండి తనంతట తానే తాళం వేసుకుంటుంది. ఇక కంప్రెసరూ పైపులూ అన్నీ మార్చాల్సిందే.

"బయటోళ్లు ఎవురన్నా చెయ్యి పెట్టినారా సార్? పెట్టింటే వారంటీ రాదు."

"అబ్బే! ఎవురూ ముట్టనే లేదు," అన్నాడు జిలానీ బాషా, తడుముకోకుండా.

"దోవలో గాలి తగ్గిందంటిరి గదా. ఛార్జింగు మిగిలించే బటను గాని నొక్కినారా? అది నొక్కితే గాలి తగ్గుతాది."

జిలానీ బాషా చూశాడు. ఆ బటను పచ్చగా వెలుగుతోంది. నొక్కింది తనే. అంటే బండికి జబ్బే లేదు. జబ్బు లేని బండికి వైద్యం చేసి చంపిన ఘనత మదార్ సాహెబ్‌కు దక్కింది. ఆయన మొహం కత్తి వాటుకు నెత్తురు చుక్క లేనట్టయింది.

జిలానీ బాషా బస్సులో కడపకు పోడు. కారులో వెళ్లినవాడు బస్సు దిగితే నలుగురూ ఏమనుకుంటారు? బండిని తీసుకుపోయే షోరూము లారీ తెల్లారాక గానీ రాదన్నారు. కాబట్టి చుట్టాలు ఆ రాత్రి అక్కడే ఉండిపోయారు. కూలరు చాలలేదన్నారు, దోమలన్నారు, నీళ్లు ఉప్పగా ఉన్నాయన్నారు. తెల్లవారాక ఉగ్గాని తిని, జిలానీ బాషా మదార్ సాహెబ్‌ను షెడ్డు వెనక్కి తీసుకుపోయాడు.

"మదారన్నా, అయ్యింది అయిపోయింది. ఆ షోరూమాయన వస్తే నువ్వు మాట్లాడాకు. దానంతట అదే నిలిచిపోయిందని నేను చెప్తా. కంపెనీ కొత్తది ఏస్తాది. నీ పేరు పోదు, నా వారంటీ పోదు. పిల్లోళ్ల నిఖా వచ్చే నెలలోనే పెట్టుకుందాం. ఒక ఇంటోళ్లమైనాక ఈ మాట బయటికి యాడ పోతాది?"

మదార్ సాహెబ్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. తన పేరు నిలబడింది, కూతురికి పెద్దింటి సంబంధం కుదిరింది. ఇంతకన్నా మంచి మనిషి కడపలో ఉంటాడా అనిపించింది. లోపలికి పరిగెత్తి, జిలానీ బాషా అన్నదంతా చెప్పి, మాట ఖాయమైపోయిందన్నాడు. నబీసా రెండు చేతులూ పైకెత్తింది.

ముబీనా ల్యాబుకు పోవడానికి టిఫిను డబ్బా కట్టుకుంటోంది. "ఆ పిల్లోడు నాతో ఒక మాటన్నా మాట్లాడ్లేదే నాయనా."

"పెండ్లయినాక జన్మంతా మాట్లాడుకోవచ్చు గదమ్మా!"

"సరే, ఇది చెప్పు. ఆ యప్ప నన్ను కోడలుగా అడిగినాడా, నీ నోటికి బీగం ఏసేదానికి అడిగినాడా?"

అరవలేదు, ఏడవలేదు. డబ్బా మూత బిగించుకుంది.

ఇంతలో కారును ఎక్కించుకుపోయే లారీ వచ్చింది. షోరూము మెకానిక్ ఏసన్న దిగి, స్క్రీను చూసి, బానెట్ ఎత్తాడు.

"ఓపెన్ చేసినారా ఎవురన్నా?"

"లేదప్పా," అన్నాడు జిలానీ బాషా. తౌసిఫ్ నేల చూశాడు. నిన్న చప్పట్లు కొట్టిన వీధివాళ్లు నిన్నటి రోజు తాము అసలు ఊళ్లోనే లేనట్టు నిలబడ్డారు. ఏసన్న మదార్ సాహెబ్ వైపు తిరిగాడు. జిలానీ బాషా చెయ్యి మెల్లగా వచ్చి మదార్ సాహెబ్ భుజం మీద పడింది.

తల ఊపితే చాలు. నోరు కూడా తెరవక్కర్లేదు. ఇన్నేండ్లు చెప్పిన అబద్ధాలకు ఎవరికీ పెద్ద నష్టం లేదు, గ్యాసే కదా. ఈ అబద్ధానికి మాత్రం తన బిడ్డ జన్మంతా ఆ ఇంట్లో పడి ఉండాలి. ఆ చెయ్యి భుజం మీద బరువుగా, చెమటగా ఉంది. రేపు అదే చెయ్యి ముబీనా నెత్తిన ఉంటుందని తోచింది.

"నేనే పోసినా," అన్నాడు. "నా ఆయిలే. నాకు ఈ బండి సంగతి తెలీదు. తెలీదని చెప్పుకోల్యాక పోసినా."

భుజం మీది చెయ్యి నిప్పు తగిలినట్టు లేచిపోయింది. "నీకేమన్నా మతి పోయిందా? నీ బిడ్డను ఇంగ ఎవురు చేసుకుంటారు?" అని అరిచాడు జిలానీ బాషా.

"చెడగొట్టింది కంప్రెసర్‌ను. కంప్రెసరే ఇస్తా, బిడ్డను ఇయ్యను."

వీధిలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకడు దగ్గాడు. కారు లారీ మీదికెక్కింది. జిలానీ బాషా, ఆయన భార్య, తౌసిఫ్ లారీ క్యాబిన్‌లో ఇరుక్కుని, ఇంజను వేడి మోకాళ్లకు తగులుతుండగా కడప దోవ పట్టారు. వీధికి వినపడాలంటే ఈసారి హారన్ కొట్టే పని లేకపోయింది.

నబీసా గుమ్మంలో కూలబడి, సంబంధం పోయింది, పేరు పోయింది, షెడ్డు కూడా పోతుందని ఏడుస్తోంది. అందులో కొంత నిజం కూడా ఉంది. మదార్ సాహెబ్ అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాడు. ముబీనా చెప్పులేసుకుని బయటికొచ్చి ఆయన ముందర ఆగింది. ఆయన తల ఎత్తాడు. రాత్రి నిద్ర లేక ఆ పిల్ల కండ్లు వాచి ఉన్నాయి. కింది పెదవి పంటి కింద నొక్కీ నొక్కీ చిట్లింది. చుట్టాలొచ్చి పిల్ల ముఖం కూడా సరిగ్గా చూడలేదని ఇందాకటి నుంచి లోపల మండుతున్నాడాయన. తాను కూడా చూడలేదని ఇప్పుడు తెలిసింది.

"పోయొస్తా నాయనా," అంది ముబీనా.