మిగతా ఎనిమిది మంది

ప్రేమమణి తలుపు తట్టకుండానే లోపలికి వచ్చింది. ఆమె అమ్మాయిల హాస్టల్ వార్డెన్.

"సిగరెట్లు మానడానికి నీ దగ్గరికొచ్చే తొమ్మిది మంది పిల్లల లిస్టు కావాలి, ఎమిలీ. ఇప్పుడే."

ఎమిలీ తిరుమలగిరి దగ్గరి ఆ యూనివర్సిటీలో కౌన్సెలర్. ప్రతి మంగళవారం సాయంత్రం తొమ్మిది మంది అమ్మాయిలు ఆమె గదికి వచ్చేవారు. పేర్లు గది దాటవని ఆమె ఇచ్చిన మాట మీదే వచ్చేవారు. ఆ ఉదయం హాస్టల్ మేడ మీది సామాన్ల గదిలో ఎవరో పారేసిన సిగరెట్ పీక వల్ల రెండు పరుపులు కాలిపోయాయి.

"ఎవరో తేలేదాకా అందరి ఇళ్లకూ ఫోన్ చేస్తాను. మంటలు కిందికి పాకి ఉంటే? ఎవరు జవాబు చెప్పేవాళ్లు?"

ఎమిలీ తల అడ్డంగా ఊపింది. "అయినా ఇవ్వలేనండి" అంది.

గుమ్మంలో సృజన నిలబడి ఉంది. ఆ తొమ్మిది మందిలో ఒకతె.

"జెర ఆగుండ్రి మేడం. ఇరవై ఆరు దినాల సంది నేను ముట్టలే. ఊదుతా, చూడుండ్రి."

ఎమిలీ వారించేలోపే బల్ల మీది మీటరు అందుకుంది. పొగ తాగిన వాళ్ల ఊపిరిని అది అంకెల్లో పట్టేస్తుంది. సృజన ఊపిరి బిగబట్టి ఊదింది. రెండు. తాగలేదన్నమాటే.

ప్రేమమణి తల పంకించింది. "బాగుంది. మిగతా ఎనిమిది మందినీ పిలిపించు. వరసగా ఊదుతారు."

సృజన ముఖం పాలిపోయింది. వాళ్లలో ముగ్గురు ఈ వారమే మళ్లీ వెలిగించారని ఎమిలీకి తెలుసు. మేడ ఎక్కకపోయినా వాళ్లే దోషులవుతారు. ఆమె మీటరు లాక్కుని డ్రాయర్లో పడేసి తాళం వేసింది.

"దొంగల్ని పట్టడానికి తెచ్చింది కాదండి ఇది."

"రిజిస్ట్రార్‌కు రాస్తాను. నీ ఉద్యోగం సంగతి నువ్వు చూసుకో."

తర్వాతి మంగళవారం ఆరున్నర దాకా ఎవరూ రాలేదు. తీరా ఎమిలీ లేవబోతుంటే సృజన ఒక కొత్త అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చింది. కల్పలత, రెండో సంవత్సరం.

"పరుపులు కాలింది నా వల్లనే మేడం. మీరు ఎవల పేర్లూ చెప్పలేదని అక్క అన్నది. మా బాపుకు తెలిస్తే సదువు బంద్ చేయిస్తడు."

"నేను చెప్పను. కానీ నీ మూలాన అందరూ హడలిపోతున్నారు. నువ్వే వెళ్లి వార్డెన్‌కు చెప్పాలి. నేనూ వస్తాను."

"ఆమె మా బాపుకు ఫోన్ చేస్తే?"

"చెయ్యదని మాటివ్వలేనమ్మా."

కల్పలత చాలాసేపు ఏడ్చింది. తర్వాత తనే ముందు లేచింది.

ప్రేమమణి అంతా విని ఫోన్ తీసింది. "మీ నాన్న నంబరు చెప్పు."

కల్పలత పది అంకెలూ చెప్పింది. వార్డెన్ వేలు తెర మీద ఆగింది.

"నెల్లాళ్లు గేటు దాటడానికి వీల్లేదు" అంది ప్రేమమణి ఫోన్ పక్కన పెడుతూ. "మంగళవారం ఈవిడ దగ్గరికి వెళ్లకపోయావో, ఆ రోజే చేస్తాను."

రిజిస్ట్రార్‌కు వెళ్లిన ఫిర్యాదు మాత్రం వెనక్కి రాలేదు. సంజాయిషీ ఇమ్మని ఎమిలీకి కాగితం వచ్చింది. ఆమె ఆ సంజాయిషీ రాస్తూ కూర్చున్న మంగళవారం, కల్పలతతో కలిపి ఏడుగురు వచ్చారు.