మొండి పురుగు

మా సార్‌కి ఎదురు తిరిగే పురుగులంటే ప్రాణం, ఎదురు తిరిగే మనుషులంటే ఒళ్ళుమంట.

ఎండుపుల్లలా ఉండే ఒక పురుగును బల్లమీద మైనంతో అతికిస్తాం. ఒక్క కాలు వదిలేస్తాం. చిన్న మోటారు ఆ మోకాలిని వంచుతుంది. వంచగానే, కాలు చాచే కండరానికి ఆజ్ఞలు పంపే నరాల కణాలు, అంటే న్యూరాన్లు, వాటికి తీగతో తగిలించిన స్పీకర్లో టపటపలాడతాయి. అంటే పురుగు వంగనంటోందన్నమాట. కాలిని ఎటు తోసినా న్యూరాన్లు దానికి ఎదురు తిరుగుతాయని సార్ ఏళ్ళ తరబడి ఒకటే పాట.

కొన్ని పురుగులు అలా చెయ్యవు. వాటి కాలు వంచితే, వంచే కండరం న్యూరాన్లే, వాటికి పెట్టిన రెండో స్పీకర్లో మోగుతాయి. తోసినవాడికే వంత పాడతాయి. సార్ వాటికి "మొండివి" అని పేరు పెట్టారు. చెప్పినట్టు వంగేదాన్ని మొండిదనడం ఆయనకే చెల్లింది! వాటి మీద నేను రాసిన అధ్యాయాన్ని థీసిస్‌లోంచి పీకించేశారు. అది పోతే మిగిలేది ఆయన పాత పాటే. దానికి నాకు పట్టా ఎవరిస్తారు?

"పురుగు పాడైందమ్మా, నువ్వు పాడవకు," అన్నారు పైగా.

థీసిస్ చూడ్డానికి బయటినుంచి పరీక్షకురాలు వచ్చారు. సార్ హడావిడి చూడాలి. నన్ను పక్కకు జరిపి తానే మోటారు ముందు కూర్చున్నారు. పురుగు ఉలుకూ పలుకూ లేకుండా ఉంది. కాలు వంచగానే న్యూరాన్లు ఎదురు తిరిగాయి. సార్ పొంగిపోయారు.

"ఇది బద్ధకంగా ఉందండీ. ఇంకా బాగా వినిపిస్తా," అంటూ బ్రష్‌తో దాని పొట్ట నిమిరారు.

పురుగు మేలుకుంది. మీసాలు ఆడించింది. మోటారు మోకాలిని వంచింది. మొదటి స్పీకర్ కిక్కురుమనలేదు. రెండోది హోరెత్తింది.

"ఇదేంటండీ?" అన్నారామె.

"మొండిది. ఎక్కడో ఒకటి తగులుతుంది."

ఆమె నావైపు తిరిగారు. "నీకెన్ని తగిలాయమ్మా?"

"మేలుకున్నవి చాలావరకు ఇంతేనండీ. కదలకుండా పడి ఉన్నవే ఎదురు తిరుగుతాయి. సార్ ఇవాళ్టిదాకా వాటిని లేపనివ్వలేదు."

"అసలు సంగతి ఇదే కదా! దీన్నెందుకు దాచారు?"

సార్ రెప్ప కూడా ఆర్పలేదు. "దాచడమేంటండీ! నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది ఇదే. ఈ పిల్లే చెవిన పెట్టదు."

ఇంత సిగ్గులేని మాట నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ఒళ్ళు మండిపోయింది.

"అయితే దీన్ని ముందు గమనించింది ఎవరు?" అని ఆమె అడిగారు.

"నేను!" అన్నాను, సార్ నోరు తెరిచేలోపే. ఆలోచించి అన్నది కాదు.

"ఆ అధ్యాయం లేకుండా నేను సంతకం పెట్టను," అన్నారామె.

"అధ్యాయం పెడుతుందండీ," అన్నారు సార్, "నేను దగ్గరుండి పెట్టిస్తా."